ఆత్మకూర్ (ఎస్), హైదరాబాద్‌లో రెండు దాల్‌లు

ఆత్మకూర్ అంటే ఏ ఆత్మకూర్ అని అడగాల్సిందే. మాది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, 2016 నుంచి వనపర్తి కిందికి పోయింది. నిజాం జమానాలో అమరచింత సంస్థానానికి సదర్ ముఖామ్. మా ఖాలా ఇచ్చినది పాత నల్లగొండ జిల్లా ఆత్మకూర్‌కి. అక్కడ మళ్ళీ రెండున్నాయి. సర్కారు రికార్డుల్లో ఒకటి ఆత్మకూర్ (ఎస్), ఇంకోటి ఆత్మకూర్ (ఎం). ఎస్ అంటే సూర్యాపేట, ఎం అంటే మోత్కూరు. నంద్యాల వైపు ఒకటి, నెల్లూరులో ఒకటి, అనంతపురంలో ఒకటి ఎలాగూ ఉన్నాయి. పాపం, ఊరికి బ్రాకెట్ తగిలించడం తప్ప సర్కారుకి మాత్రం వేరే చారా ఏముంది?

మనిషి కంటికి ఆ బ్రాకెట్ పెద్ద సంగతి కాదు. లైనక్స్ కంప్యూటర్‌లో ఆ పేరుతో ఒక ఫైల్ పెట్టి, నల్ల తెర మీద దాన్ని కాపీ చేయమని హుకుం ఇచ్చి చూడండి. బ్రాకెట్ తెరుచుకున్న చోటే ఆగిపోయి, ఇక్కడ ఈ గుర్తు రావద్దు అని తకరార్ చేస్తుంది. ఫైల్ ఉంది, పేరు సహీ, సర్కారు పెట్టిన పేరే. అయినా చెల్లదు. ఇలా ఎందుకు అవుతుందో తెలుసుకోవాలంటే యాభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే చోట కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి యూనిక్స్ మొదలుపెట్టారు. ఇవాళ్టి లైనక్స్, ఆండ్రాయిడ్, మాక్ అన్నీ ఏదో ఒక రిష్తాతో ఆ ఖాందాన్‌వే. ఫైల్ పేరు విషయంలో వాళ్ళ ఖానూన్ చాలా దిల్‌దార్ ఖానూన్. పేరులో రెండే రెండు మనా: ఒకటి అడ్డగీత /, ఎందుకంటే అది ఫోల్డర్‌ని ఫోల్డర్‌ని వేరుచేసే గుర్తు. రెండోది సున్నా బైట్, ఎందుకంటే పేరు అక్కడితో ఖతమ్ అని దాని అర్థం. మిగతావన్నీ జాయజ్. ఖాళీ జాగా, చుక్క, కామా, ఆఖరికి కొత్త లైన్ కూడా పేరులో ఉండొచ్చు. పొడుగు మాత్రం తక్కువ. పాత యూనిక్స్‌లో పేరుకి 14 బైట్లే. 1983లో బర్క్‌లీ వాళ్ళ 4.2 బీఎస్‌డీ దాన్ని 255కి పెంచింది.

మరి బ్రాకెట్ దగ్గర పేచీ ఎవరిది? కెర్నల్‌ది కాదు, షెల్‌ది. కెర్నల్ దర్వాన్ లాంటిది, ఎవరొచ్చినా లోపలికి పంపిస్తుంది. షెల్ కచేరీలో మున్షీ. మనం రాసిన అర్జీని ముందు అతను చదువుతాడు, ప్రతి గుర్తుకీ తనదైన మాయనా తీస్తాడు. బ్రాకెట్ చూస్తే ఇక్కడో చిన్న పని గుంపు మొదలైంది అనుకుంటాడు. నక్షత్రం చూస్తే అన్ని ఫైళ్ళూ అనుకుంటాడు. ఖాళీ చూస్తే ఒక పేరు అయిపోయింది, రెండో పేరు మొదలైంది అనుకుంటాడు. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ ఈ అలవాట్లు నేర్పింది, 1989లో గ్నూ వాళ్ళ కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ వాటిని విరాసత్‌గా తీసుకుంది.

మన ఇళ్ళలో అందరికన్నా ఎక్కువ తక్లీఫ్ ఇచ్చేది ఒంటి కొటేషన్. ఉర్దూ, అరబ్బీ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఐన్‌కీ హంజాకీ మనం పైన చిన్న కామా పెడతాం: జుమ్'ఆ, ఖుర్'ఆన్. షెల్ మున్షీ దాన్ని చూసి, మాట ఇక్కడ మొదలైంది, రెండో కామా వచ్చేదాకా ఆగుదాం అని కూర్చుంటాడు. తెర మీద ఒక బాణం గుర్తు మెరుస్తూ ఉంటుంది. పిల్లలు కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుంటారు. అది హ్యాంగ్ కాలేదు, ఇంతెజార్ చేస్తోంది.

ఇలాజ్ ఉంది. పేరుని మొత్తంగా కొటేషన్‌లో పెట్టాలి, లోపల ఒంటిది ఉంటే బయట జంటది. పేరు చిన్న గీతతో మొదలైతే ముందు రెండు గీతలు రాసి, ఇక్కడి నుంచి ఉన్నవన్నీ పేర్లే అని మున్షీకి చెప్పాలి. వందల ఫైళ్ళుంటే ఫైండ్ అనే హత్యార్‌కి ప్రింట్0 అని చెప్పాలి. అప్పుడది ఒక్కో పేరు తర్వాత సున్నా బైట్ పెడుతుంది. దారితో సహా రాసిన పేరులో ఎట్టి పరిస్థితిలోనూ ఉండలేనిది అదొక్కటే కదా, ఇక పేర్లు కలగలిసే ఖత్రా లేదు.

ఇదంతా గుర్తుల గొడవ. అసలు హర్ఫుల కథ వేరే ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా అదే.

1990ల మొదట్లో దునియాలోని లిపులన్నిటికీ నంబర్లు ఇద్దామని యూనికోడ్ వచ్చింది. ఒక్కో అక్షరానికి 16 బిట్లు, అంటే రెండు బైట్లు అని మొదటి ఆలోచన. వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది. కానీ యూనిక్స్‌కి అది జహర్. ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ ముందు బైటు సున్నా, కాబట్టి పేరు మొదలుకాకముందే ఖతమ్. మరి మన సంగతి? తెలుగు 'య' నంబరు రెండో సగం సరిగ్గా అడ్డగీత నంబరే. ఉర్దూ 'దాల్' రెండో సగమూ అదే అడ్డగీత. యాకూబ్ అని తెలుగులో రాసినా, దావూద్ అని ఉర్దూలో రాసినా, యూనిక్స్ ఆ పేరుని అక్కడే రెండు తుకడాలు చేసేది. ఉర్దూలో హైదరాబాద్ రాసి చూడండి, అందులో రెండు దాల్‌లు. మన షహర్ రెండు చోట్ల తెగేది.

1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ, అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి, బల్ల మీద పరిచిన కాగితం మీద దీనికి హల్ రాశారు. అదే యూటీఎఫ్-8. దానికి ముందు నడుస్తున్న పేరులోనే ఫైల్ వ్యవస్థకి సలామత్ అయిన కోడ్ అనే అర్థం ఉంది. అంటే అసలు మఖ్సద్ ఫైల్ పేర్లే. కిటుకు సాదా: పాత ఇంగ్లీషు అక్షరాలకి 128 కంటే తక్కువ నంబర్ల బైట్లు అలాగే వదిలేశారు, మిగతా లిపుల ఏ అక్షరంలోని ఏ బైటూ 128కి కిందికి దిగదు. ఇక 'య'లో అడ్డగీత దూరే సవాలే లేదు. ఖర్చు మాత్రం ఉంది. ఉర్దూ హర్ఫుకి 2 బైట్లు, తెలుగుకి 3. వత్తు, గుణింతం, పొల్లు విడివిడిగా లెక్క. ఆత్మకూర్ అంటే 8 గుర్తులు, 24 బైట్లు. 255 బైట్ల హద్దులో తెలుగు పేరుకి 85 గుర్తులు దొరుకుతాయి. ఇంగ్లీషు వాడికి 255. సరే, కనీసం పేరు తెగలేదు.

తెగకపోయినా రెండుగా మారే రోగం మిగిలింది. తెలుగు హైదరాబాద్‌లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తుల జోడీగానూ రాయొచ్చు. తెలుగులో ఇలాంటి గుర్తు అదొక్కటే, అది మన రాజధాని పేరులోనే ఉంది చూడండి. ఉర్దూ హైదరాబాద్‌లో 'బాద్'కి ముందు మద్దా ఉన్న అలిఫ్ కూడా అంతే. పైగా మధ్యలోని 'యే'ని అరబ్బీ కీబోర్డు ఒక నంబరుతో, ఉర్దూ కీబోర్డు ఇంకో నంబరుతో రాస్తాయి. మాట మధ్యలో రెండూ కంటికి ఒక్కటే. లైనక్స్ చూసేది బైట్లనే, ముఖం కాదు. ఒకే ఫోల్డర్‌లో ఒకేలా కనిపించే రెండు హైదరాబాద్‌లు హాయిగా కూర్చుంటాయి. ఒకటి తెరవమంటే ఇంకోటి లేదంటుంది. పాత మాక్‌లు ఫైల్ పేరుని విడదీసి దాచేవి, లైనక్స్ ఇచ్చింది ఇచ్చినట్టే దాస్తుంది. ఆ పేచీకి గిట్ వాళ్ళు 2012లో ఒక సెట్టింగ్ పెట్టారు.

మా ఖాలా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా కాగజ్‌లు. సేత్వార్ నకలు, 1954-55 ఖాస్రా పహాణీ నకలు, ఫసలీ తారీఖులున్న ఒక ఖబాలా, నికానామా. నిజాం సర్కారు దఫ్తర్ జబాన్ ఉర్దూ కాబట్టి చాలావరకు ఉర్దూయే. ఖాలా కొడుకు అన్నీ స్కాన్ చేయించి, ఒక్కోదానికి తెలుగులో పేరు పెట్టాడు. సర్వే నంబరు 112/ఆ అని రాద్దామంటే కుదరలేదు, ఆ అడ్డగీత ఒక్కటే మనా కదా. 112-ఆ అని పెట్టుకున్నాడు. తర్వాత వాటిని ఒక దుకాణంలో ఇచ్చి వేరే డ్రైవ్‌కి మార్పించాడు. వాళ్ళ ప్రోగ్రాం, ఇంగ్లీషు కాని ప్రతి గుర్తునీ తీసేసి కింది గీత పెట్టేది. ఆత్మకూర్ 8 గీతలైంది. నికానామా కూడా 8 గీతలే. రెండూ ఒకే పేరయ్యాయి, రెండోది మొదటిదాని మీద పడి కూర్చుంది. అసలు కాగజ్ పెట్టెలో ఉంది గనుక సరిపోయింది. వరదకో చెదలకో పెట్టె పోయిన ఇళ్ళకి ఆ స్కానే సబూత్. పట్టా గురించి ఎమ్మార్వో ఆఫీసులో నిలబడ్డవాళ్ళకి నేను వేరే చెప్పాలా?

ఆ ప్రోగ్రాం రాసినవాడిది దుష్మనీ ఏం కాదు. యూనిక్స్ దునియా స్టాండర్డ్ పోసిక్స్‌లో, ఎక్కడైనా చెల్లే ఫైల్ పేరుకి అక్షరాల జాబితా ఒకటి ఉంది. ఇంగ్లీషు పెద్దవి 26, చిన్నవి 26, అంకెలు 10, చుక్క, కింది గీత, చిన్న గీత. మొత్తం 65. దాన్ని చదివినవాడు మిగతాదంతా చెత్త అనుకుంటాడు. కనీసం మార్చేముందు ఆ పేరుతో ఇంకో ఫైల్ ఉందా అని చూడాలి కదా భాయ్. ఆ చిన్న తకల్లుఫ్ కూడా పడలేదు.

మంచి ఖబర్లు కూడా ఉన్నాయి. 2016 నుంచి గ్నూ వాళ్ళ ఎల్ఎస్, ఖాళీలూ బ్రాకెట్లూ ఉన్న పేర్లని కొటేషన్‌లో పెట్టి చూపిస్తోంది. అప్పుడు పాత ఉస్తాదులు బాగానే గొడవ చేశారు. 2024 పోసిక్స్‌లో ప్రింట్0 పద్ధతి చేరింది, పేరులో కొత్త లైన్‌ని రానివ్వద్దని ప్రోగ్రాములకి సలహా కూడా వచ్చింది. గిట్ మాత్రం ఇంకా తెలుగు పేరు చూస్తే డీఫాల్ట్‌గా \340\260\206 అంటూ మొదలుపెడుతుంది. భయపడకండి, అది మన 'ఆ'. క్వోట్‌పాత్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ఆత్మకూర్ అని సాఫ్‌గా కనిపిస్తుంది.

ఖాలా కొడుకు మళ్ళీ స్కాన్ చేయిస్తున్నాడు. ఈసారి ప్రతి పేరు ముందు మూడంకెల నంబరు పెట్టమన్నాను, 001 నుంచి. అక్షరాలన్నీ గీతలైపోయినా నంబరు మిగులుతుంది, రెండు కాగజ్‌లు ఒక్కటి కావు. నంబరు తర్వాత మాత్రం తెలుగే. బ్రాకెట్ కూడా ఉంచమన్నాను.