ఆరుబయటి దీపాలు

గేటు, వరండా, మెట్లు, పెరడు, డాబా వంటి ఎండావానలు తగిలే చోట్ల అమర్చే విద్యుద్దీపాలు. హైదరాబాదులో వీటికి పేరున్న అంగడి వీధి కోఠిలోని ట్రూప్‌బజార్.

ఎంపికలో మొదట చూడవలసింది అందం కాదు, పెట్టె మీది ఐపీ సంఖ్య. అందులో మొదటి అంకె దుమ్మును, రెండోది నీటిని ఎంతవరకు ఆపుతుందో చెబుతుంది. చూరు కింద ఐపీ44 చాలు. జల్లు నేరుగా కొట్టే ప్రహరీ స్తంభానికి ఐపీ65 కావాలి. వైరు దూరే రంధ్రం దగ్గర రబ్బరు బిగువుగా లేకపోతే మాత్రం, ఏ సంఖ్య ఉన్నా తొలకరికే గాజు లోపల చెమ్మ పడుతుంది.

వెలుతురుకు కొలత వాట్లు కాదు, ల్యూమెన్లు. కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు: 6500 తెలుపు, 2700–3000 పసుపు. వాన వెలిసిన సాయంత్రం ఉసుళ్లు తెల్లని దీపానికే ఎక్కువగా మూగుతాయి. తెల్లారేసరికి గడప ముందు రెక్కల కుప్ప. వాకిలికి పసుపు కాంతే మేలు. మెట్ల దీపం మోకాలి ఎత్తు దాటకుండా, కిందికి వెలుగు పడేలా ఉండాలి. తలుపు మీది నుంచి కళ్లలో కొట్టే ఫ్లడ్‌లైటు వల్ల మెట్టు అంచు కనబడదు.

తడి నేల మీద ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పిల్లలు తిరిగే మొక్కల మధ్య 12 వోల్టుల దీపాలు క్షేమం.