ఏథెన్స్‌కు కావలసిన రాక్షసుడు

ఎద్దు తల, మనిషి ఒళ్లు ఉన్న మినోటార్‌ను క్రీట్ రాజు మైనోస్ చిక్కుదారుల భవనంలో దాచాడు. ఏథెన్స్ తన కుర్రవాళ్లను ఏడుగురిని, కన్యలను ఏడుగురిని వాడికి ఆహారంగా పంపేది. చివరికి ఏథెన్స్ రాకుమారుడు థీసియస్ వెళ్లి వాణ్ణి చంపాడు. దీన్ని క్రీట్ కథగా చదవడం మనకు అలవాటైపోయింది గానీ, మట్టి కింద దొరికిన క్రీట్ వేరు. 1900లో పురాతత్వవేత్త ఆర్థర్ ఎవాన్స్ క్రీట్‌లోని నోసోస్‌లో తవ్వకం మొదలుపెట్టాక అడుగడుగునా ఎద్దులే బయటపడ్డాయి. ఒక గోడచిత్రంలో దూసుకొస్తున్న ఎద్దు వీపు మీదుగా ఒకరు పిల్లిమొగ్గ వేస్తున్నారు. ముందున్నవారు కొమ్ములు పట్టుకున్నారు, వెనకున్నవారు చేతులు చాచి నిలబడ్డారు. నల్లరాతిలో చెక్కిన ఎద్దు తల ఒకటి పూజలో ధార పోసే పాత్ర. 1952లో మైఖేల్ వెంట్రిస్ ఆ పలకల మీది ప్రాచీన లిపి లీనియర్ బిని చదవగలిగాక, నోసోస్ మట్టిపలకల మీద గొర్రెలు, ఉన్ని, నూనె లెక్కలతో పాటు కాడెద్దుల పేర్లు కూడా తేలాయి. నల్లది, మచ్చలది అని మన పల్లెల్లో పిలిచినట్టే ఉంటాయవి. మనుషుల్ని తినే ఎద్దుమనిషి ప్రస్తావన ఆ పలకల్లో లేదు.

లెక్కల పలకల్లో పురాణాలు ఎందుకుంటాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే క్రీట్ వాళ్లు చెప్పుకున్న మాట మరోచోట మిగిలింది. ఫిలోకోరస్ అనే ఏథెన్స్ చరిత్రకారుడు నమోదు చేసిన ఆ మాటను గ్రీకు రచయిత ప్లూటార్క్ థీసియస్ చరిత్రలో చేర్చాడు. క్రీట్ వాళ్ల ప్రకారం ఆ చిక్కుదారుల భవనం ఉత్త చెరసాల. బయటపడలేకపోవడం తప్ప అందులో వేరే కీడు లేదు. ఆటల పోటీల్లో గెలిచినవారికి మైనోస్ ఆ బందీలను బహుమతిగా ఇచ్చేవాడు, మొదట గెలిచిన టారస్ (అంటే ఎద్దు) క్రూరుడైన సేనాని. పురాణాన్ని తర్కానికి సర్దే ప్రయత్నాలు ఆ కాలంలో మామూలే కాబట్టి దీన్ని జరిగిన చరిత్రగా నేను నమ్మను. కానీ నిందను క్రీట్ ఒప్పుకోలేదన్న సంగతికి ఇది గట్టి సాక్ష్యం. కవులున్న నగరంతో వైరం పెట్టుకోవడం ఎంత కష్టమో మైనోస్ గతి చూస్తే తెలుస్తుందని ప్లూటార్కే అంటాడు. హోమర్, హెసియడ్ మెచ్చుకున్న రాజు ఏథెన్స్ నాటకశాలలో దుర్మార్గుడయ్యాడు. ఆ నగరానికి ఈ కథతో అవసరం కూడా ఉంది. క్రీ.పూ. 478 నుంచి ఏథెన్స్ సముద్ర కూటమికి నాయకురాలు. దీవుల నుంచి ఏటా కప్పం వసూలు చేసేది. సుమారు క్రీ.పూ. 475లో ఏథెన్స్ సేనాని కిమోన్ స్కైరోస్ దీవి నుంచి థీసియస్ ఎముకలంటూ కొన్నిటిని ఊరేగింపుగా తెచ్చాడు. దీవులను పిండుతున్న నగరం, ఒకప్పుడు ఒక దీవి తన పిల్లల్నే కప్పంగా తీసుకుందని చెప్పుకుంది. అలాంటి కథకు మామూలు శత్రురాజు చాలడు.

ఎద్దుమనిషి బొమ్మ క్రీట్ ముద్రల మీద ముందే ఉంది కదా అన్నది బలమైన అభ్యంతరం. ఉంది. దాని పక్కనే మేకమనుషులు, ఇంకా రకరకాల కలగాపులగపు రూపాలూ ఉన్నాయి. ఎద్దుమనిషిని ఎవరో వధించే దృశ్యం మాత్రం ఆ ముద్రల్లో లేదు. కాబట్టి ఏథెన్స్ రూపాన్ని కల్పించిందనడం తప్పు. ఆ రూపానికి నేరాన్ని అంటగట్టింది. నోసోస్ నగరమే క్రీ.పూ. 5వ శతాబ్దంలో మినోటార్‌ను నాణేల మీద వేసుకుందని మరో వాదం. నోసోస్ పాత రాజభవనం కూలిపోయి అప్పటికి ఎనిమిది శతాబ్దాలు దాటింది. నాణెం వేసినవాళ్లు గ్రీకు మాట్లాడే కొత్త నగరవాసులు. గ్రీకు లోకమంతా నోసోస్‌ను గుర్తుపట్టే గుర్తు అప్పటికి అదొక్కటే అయింది కాబట్టి వాళ్లు దాన్నే తీసుకున్నారు. ఎద్దును పేరు పెట్టి పిలిచి, దాని కొమ్ముల మధ్య దూకిన జనానికి బయటివాళ్లు కల్పించిన రాక్షసుడే చిరునామా కావడం నాకు ఎప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. 1947లో అర్జెంటీనా రచయిత బోర్హెస్ తన కథలో మినోటార్ చేతే మాట్లాడించి, వాడి సొంత పేరు ఆస్టేరియన్‌తోనే పిలిచాడు. అక్కడ కూడా వాడి చావు సంగతి చివర్లో మనకు చెప్పేది థీసియస్సే.