ఆబిద్ హసన్ యుద్ధసేవ



మన మెదకు పట్టణము నిజాము రాజ్యములో చేరియున్న దినములవి. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. మన ప్రభువునకు ఆంగ్లేయులొసగిన బిరుదము ‘విశ్వాసపాత్రుడగు మిత్రుడు’. ఆయన ధనసహాయమునుబట్టి వారి 152వ విమానదళమునకు హైదరాబాదు పేరు పెట్టబడెను. ఆ హైదరాబాదులోనే పుట్టిన ఒక యువకుడు ఆ యుద్ధముననే ఎదుటి పక్షమున నిలిచెను. ఆతడు ఆబిద్ హసన్.

ఆబిద్ వృత్తిచే సైనికుడు కాడు. ఇంజనీరింగు చదువుటకు జర్మనీ కేగినవాడు. 1941లో సుభాసుచంద్రబోసు బెర్లిను చేరిన పిదప చదువు విడిచి ఆయన వెంట నడచెను. ఉత్తర ఆఫ్రికాలో పట్టువడిన భారతసైనికులనుండి ఒక స్వచ్ఛంద పదాతిదళమును కూర్చుట వారి సంకల్పము. జర్మను లెక్కలో దానిది 950వ సంఖ్య.

ఇచ్చట నొక చిక్కు కలదు. ఆ బందీలు ఆంగ్లరాజు ఉప్పు తిన్నవారు, ఆయనపేర ప్రమాణము చేసినవారు. ఆబిద్ ఎవరి ఉప్పును తినలేదు. మాట తప్పుమని వారి నడుగుట సులభమా? రామని చెప్పినవారు అనేకులు. వారిని పిరికివారనుటకు నా మనస్సొప్పదు. వచ్చినవారు సైతము హిట్లరు పేరు గల ప్రమాణము చేయవలసివచ్చెను. ఈ సంగతి దాచరాదు.

బందీల పాతసైన్యములో మతమునుబట్టి, కులమునుబట్టి పటాలములు వేరు. బోసు దళములో అందరును కలిసియుండవలెను. మరి తెల్లవారి ఎదురుపడినపుడు ఏమని పలుకరించుకొనవలెను? ఒకడు రామ్ రామ్ అనును, ఒకడు సలామ్ అనును, సిక్కు సత్ శ్రీ అకాల్ అనును. ఎవరి మతమునకును చెందని పలుకు కావలసివచ్చెను. ‘జైహింద్’ అను దానిని ఆబిద్ సూచించెనని ప్రసిద్ధి. తరువాత ఆతడు కాషాయవర్ణమును తెలుపు ‘సఫ్రానీ’ అను మాటను తన పేరున చేర్చుకొనెను.

1943 ఫిబ్రవరిలో బోసుతో కూడ కీల్ రేవునుండి జలాంతర్గామిలో బయలుదేరినవాడు ఆబిద్ ఒక్కడే. మడగాస్కరు చెంత, ఎగసిపడు సముద్రముపై, రబ్బరు తెప్పలో జపానువారి జలాంతర్గామికి మారి, మే నెలలో సుమత్రా ద్వీపసమీపమున సబాంగు చేరిరి.

మరుసటి యేడు, అనగా 1944లో, మేజరు ఆబిద్ ఆజాద్ హింద్ ఫౌజుతో ఇంఫాలు రంగమున నుండెను. ఆ ఫౌజులో మలయా తోటలనుండి వచ్చిన తమిళ కూలీలును ఉండిరి. వానలు పట్టినవి, బియ్యము లేదు, మలేరియా, విరేచనములు. జూలైలో వెనుకకు మరలవలసివచ్చెను. తుపాకులకంటె రోగములే పెక్కుమందిని బలిగొన్నవి. ఆ యేటనే బర్మా సరిహద్దు ఆకాశమున, హైదరాబాదు పేరు దాల్చిన ఆ 152వ దళమును ఎగురుచుండెను!

యుద్ధానంతరము ఆబిద్ ఆంగ్లేయుల చెరలో నుండి విడుదలయ్యెను. స్వతంత్రభారతమున విదేశాంగసేవలో పలుదేశములలో పనిచేసి, 1969లో విరమించి హైదరాబాదు చేరి, 1984లో గతించెను. 1971లో కలకత్తాలో ఆ యుద్ధమునుగూర్చి యుపన్యసించినపుడు, ఆతడు ఎంచుకొన్న విషయము తన శౌర్యము కాదు. ఇంఫాలునుండి తనతో నడచివచ్చిన ఆ సైనికులు.