నుదుటి మీద ముద్ర, చేతిలో పని: సింగపూర్ కట్టిన మన ఖైదీల కథ

ఆదివారం సెలవు దొరికితే మనలో చాలామందిమి లిటిల్ ఇండియాకి పోతాం. ఇంటికి డబ్బు పంపడం, ఊరివాళ్ళని కలవడం, కడుపునిండా అన్నం తిని రావడం. వచ్చేదారిలో సిటీ హాల్ దగ్గర దిగి తెల్లటి పెద్ద చర్చి ముందు ఫోటో దిగినవాళ్ళం కూడా చాలామందిమే. దాని పేరు సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్. సైట్లో పనిచేసేవాళ్ళం కాబట్టి ఏ బిల్డింగ్ చూసినా మా కళ్ళు ముందు ప్లాస్టరింగ్ మీదికే పోతాయి. ఆ గోడలకి ఆ నునుపు ఎలా వచ్చిందా అని అడిగితే తెలిసింది: దాన్ని కట్టింది మన దేశం నుంచి తెచ్చిన ఖైదీలు.

ఈ సంగతి ఈ ఏడాది పుస్తకంలో రాయడానికి ఒక కారణం ఉంది. మనతో పనిచేసిన ఒక తమ్ముడు తెలిసీ తెలియక తన బ్యాంకు ఖాతా ఎవరికో వాడుకోవడానికి ఇచ్చాడు. ఆ ఖాతాలోకి మోసం డబ్బు వచ్చింది. కేసయింది, జైలయింది, శిక్ష అయ్యాక ఇంటికి పంపేశారు. షట్టరింగ్ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఊరికి పోయాక ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "అన్నా, ఇంక నన్నెవరు పనిలో పెట్టుకుంటారు?" మా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ ఊళ్ళోనే నూట యాభై ఏళ్ళ కిందట ఇదే ప్రశ్నకి ఒక జవాబు దొరికిందని తర్వాత తెలిసింది.

1824లో ఇంగ్లీషువాళ్ళకీ డచ్చివాళ్ళకీ ఒప్పందం కుదిరి, సుమత్రా దీవిలోని బెంకూలెన్ డచ్చివాళ్ళ చేతికి పోయింది. అప్పటిదాకా కంపెనీవాళ్ళు మన దేశం ఖైదీలను అక్కడికి పంపేవారు. ఇప్పుడు వాళ్ళందరినీ ఎక్కడో ఒకచోట పెట్టాలి. 1825 ఏప్రిల్‌లో మొదటి జట్టు సింగపూర్‌లో దిగింది. మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు ఎనభై మంది, అందులో ఒక ఆడమనిషి. వారం తిరక్కుండానే బెంగాల్ ఖైదీలు నూరు మందికి పైగా వచ్చారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా. మన ఉత్తర సర్కారులు, కడప, బళ్ళారి, నెల్లూరు అన్నీ అందులోవే.

ఈ ఊరు అప్పటికి బురద, అడవి. పనివాళ్ళు కావాలి, డబ్బు తక్కువ. కాబట్టి ఖైదీలతో చిత్తడి నేలలు పూడ్పించారు, రోడ్లు వేయించారు, కాలవలు తవ్వించారు. మొదట్లో ఇది శిక్షే తప్ప నేర్పడం కాదు. కాళ్ళకి సంకెళ్ళు, ఎండలో రాయి కొట్టడం. కొందరికి నుదుటి మీద వాళ్ళు చేసిన నేరం పేరు పచ్చబొట్టుగా పొడిచి ఉండేది. చట్టం చేసి ఆ పద్ధతిని 1849లో తీసేశారు గానీ, అంతకుముందు పొడిచింది చచ్చేదాకా పోదు కదా. తలపాగా కిందికి లాగి నుదురు కనబడకుండా కట్టుకునేవారట.

పద్ధతి మారింది 1840లలో. గవర్నర్ బటర్‌వర్త్ కాలంలో ఖైదీలను ఆరు తరగతులుగా విడదీశారు. కొత్తగా వచ్చినవాడు సంకెళ్ళతో రోడ్డు పనిలో మొదలుపెట్టాలి. నడత బాగుంటే కొన్నేళ్ళకి సంకెళ్ళు తీసేసి పై తరగతికి వేస్తారు. ఇంకా పైకి పోతే తోటి ఖైదీల మీద పెద్దగా పెడతారు, ఆఫీసుల్లో బంట్రోతు పని ఇస్తారు. అన్నిటికన్నా పై తరగతివాడికి టికెట్ ఆఫ్ లీవ్ అనే చీటీ ఇస్తారు. ఆ చీటీ ఉంటే జైలు బయట ఇల్లు తీసుకుని, సొంతంగా కూలి చేసుకుని బతకొచ్చు. అప్పుడప్పుడు వచ్చి హాజరు వేయించుకుంటే చాలు. తప్పు చేస్తే కింది తరగతికి తోసి బరువు సంకెళ్ళు వేసేవారు. ముసలివాళ్ళకి, జబ్బుమనుషులకి, ఆడవాళ్ళకి వేరే తరగతి.

ఖైదీల మీద కాపలా ఉన్నది తెల్లవాళ్ళు కాదు, ఖైదీలే. వాళ్ళని జమేదారు, దఫేదారు, తండేలు అని పిలిచేవారు. తండేలు అంటే మన తీరం మనుషులకి చెప్పక్కర్లేదు, పడవలో అందరినీ నడిపించేవాడు. ఇక్కడ పని జట్టుకి మేస్త్రీ అన్నమాట. ఈ జైలుని చాలాఏళ్ళు నడిపిన ఇంజనీరు మెక్‌నేర్ 1899లో ఒక పుస్తకం రాసి, దాని పేరులోనే ఖైదీలు తమకి తామే కాపలాదారులని చెప్పాడు.

ఇక పని నేర్పడం. బ్రాస్ బసా దగ్గర ఉన్న జైలు లోపలే కమ్మరి, వడ్రంగి, రాయి చెక్కడం, తాపీ, బట్ట నేయడం, తాళ్ళు పేనడం, దర్జీ పని జరిగేవి. తర్వాత అచ్చు పని, ఫోటోలు తీయడం కూడా నేర్పారు. 1858లో సెరంగూన్ రోడ్డు వైపు ఇటుకల బట్టీ పెట్టారు. ఆ ఇటుకకి 1867లో ఆగ్రా ఎగ్జిబిషన్‌లో పతకం వచ్చింది. ఆదివారం మనం తిరిగే రోడ్డు పక్కనే ఆ బట్టీలు కాలాయి.

1856లో కెథెడ్రల్‌కి పునాది రాయి పడింది. డిజైన్ మేజర్ మెక్‌ఫెర్సన్‌ది, పని ఖైదీలది. గోడల పూత సంగతి మనవాళ్ళకి నచ్చుతుంది. ఇసక లేకుండా గవ్వల సున్నం తీసుకుని, కోడిగుడ్ల తెల్లసొన, బెల్లం వేసి ముద్దగా దంచారు. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో కలిపారు. గోడకి కొట్టి ఆరాక స్ఫటికం రాళ్ళతో రుద్ది రుద్ది మెరిపించారు. దీనికి మద్రాసు చునాం అని పేరు. మన పాత మేడల గచ్చుకి ఇది అన్నలాంటిది. 1862లో ఆ చర్చిని ప్రతిష్ఠించారు. 1867, 1869 మధ్య గవర్నర్ కోసం కట్టిన భవనంలోనూ ఖైదీలే పనిచేశారు. ఇప్పుడు దాన్నే ఇస్తానా అంటున్నాం, దేశాధ్యక్షుడి భవనం అది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇదంతా బంగారు కాలం కాదు. కన్నవాళ్ళకి, కట్టుకున్నవాళ్ళకి దూరమై, కూలి లేకుండా, జబ్బులతో ఎంతోమంది ఇక్కడే మట్టిలో కలిశారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఊళ్ళోని తెల్ల వ్యాపారులు ఖైదీల చేత రోడ్లు వేయించుకుంటూనే, 1857లో ఉత్తరాదిన తిరుగుబాటు లేచాక, ఇంకెవరినీ పంపొద్దని గోల పెట్టారు. 1858 నుంచి అండమాన్ వచ్చింది. 1873లో ఇక్కడి జైలు ఎత్తేసి, శిక్ష మిగిలినవాళ్ళని అండమాన్‌కి తోలారు.

అయినా విడుదలైనవాళ్ళు ఏమయ్యారన్నది చూడండి. చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఎడ్లబండ్లు తోలారు, పశువులు పెట్టుకుని పాలు అమ్మారు, పని తెలిసినవాళ్ళు తాపీ, వడ్రంగి పనుల్లో కుదురుకున్నారు. నుదుటి ముద్ర చూసి కూడా జనం వాళ్ళకి పని ఎందుకిచ్చారు? మాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది, వాళ్ళు నేర్చుకున్నది ఊరికి అవసరమైన పని. రెండోది, జైల్లో ఉండగానే బయట కట్టడాల మీద చేశారు కాబట్టి వాళ్ళ పనితనం అందరి కళ్ళముందూ ఉంది. మూడోది, ఒక్కసారిగా వదిలేయలేదు. మెట్టు మెట్టుగా బాధ్యత ఇచ్చి, చివరికి చీటీ చేతిలో పెట్టారు. ఆ చీటీ అంటే వీడిని మేము చూశాం, నమ్మొచ్చు అని ఒకరు ఇచ్చిన మాట.

ఈ మూడోదే ఇప్పటికీ కష్టం. ఈ దేశంలో 1976 నుంచి ఖైదీలకి పని నేర్పి ఉద్యోగం చూపించే సంస్థ ఉంది, 2004లో యెల్లో రిబ్బన్ పేరుతో జనాన్ని కూడా కలుపుకున్నారు. జైల్లో బడి ఉంది, పరీక్షలు రాయొచ్చు. కానీ మనలాంటి వర్క్ పర్మిట్ వాళ్ళని శిక్ష అయ్యాక ఇంటికి పంపేస్తారు. కాబట్టి మన మనిషికి రెండో బతుకు ఇక్కడ కాదు, ఊళ్ళోనే.

అక్కడా దారులు లేకపోలేదు. అనంతపురం జిల్లాలో 1965 నుంచి ఓపెన్ ఎయిర్ జైలు ఉంది, ఖైదీలు పొలం పని చేస్తారు. ఖైదీ చేత కూలి లేకుండా పని చేయించడం వెట్టిచాకిరీ అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1988లో చెప్పింది. న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో తేల్చింది. తెలంగాణలో జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్ళకి పని ఇస్తున్నారు. ఖైదీలు ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీలు చదువుతున్నారు. చదువు దొరుకుతోంది. దొరకనిది ఆ చీటీ, అంటే నమ్మి మొదటి పని ఇచ్చే మనిషి.

ఆ చీటీ మనం ఇవ్వగలం. ఈ తమ్ముడి విషయంలో మేము చేసింది చిన్నదే. అతని స్కిల్ టెస్ట్ సర్టిఫికెట్, సేఫ్టీ కోర్సు కాగితాలు వెతికి కాపీలు పంపాం. అతనితో పనిచేసిన ఇద్దరం మేస్త్రీలం, ఎన్నేళ్ళు ఏ పని చేశాడో కాగితం మీద రాసి సంతకం పెట్టాం. కేసు సంగతి దాచమని చెప్పలేదు, అడిగితే ఉన్నది చెప్పమన్నాం. ఊళ్ళో ఇళ్ళు కట్టే మనవాడొకడికి ఫోన్ చేసి, "ఒక నెల చూడు, నచ్చకపోతే మాకు చెప్పు" అన్నాం. ఆ నెల దాటింది. ఇంకా అక్కడే సెంట్రింగ్ పని చేస్తున్నాడు.

అందుకే అన్నలకీ తమ్ముళ్ళకీ మా మనవి. మీ బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్ము, లాగిన్ ఎవరికీ ఇవ్వకండి, ఎంత దగ్గరివాడైనా సరే. మీ సర్టిఫికెట్ల కాపీలు ఇంటి దగ్గర కూడా ఒక సెట్టు పెట్టండి. జైలుకి పోయి వచ్చిన మనవాడు మీ ఊళ్ళో ఉంటే, వాడి చేతికి ఏ పని వచ్చో ముందు అడగండి. ఈసారి కెథెడ్రల్ ముందు ఫోటో దిగినప్పుడు లోపలికి కూడా వెళ్ళి ఆ గోడ ఒకసారి దగ్గర్నుంచి చూడండి.