కాంతారావు, తాడేపల్లి లక్ష్మీ (1923–2009)

తెలుగు జానపద చలనచిత్రములయందు ఖడ్గచాలనకౌశలముచే ‘కత్తి కాంతారావు’ అని ప్రజలచే ముద్దుగా పిలువబడిన నటుడు. 1923 నవంబరు 16న నాటి నల్లగొండ జిల్లా కోదాడ సమీపమునందలి గుడిబండలో జన్మించెను; ఆ గ్రామమిప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. నాటకములపై మక్కువతో మదరాసు చేరి, హెచ్.ఎం.రెడ్డి ‘నిర్దోషి’ (1951)లో చిన్న వేషము ధరించి, ఆయనయే నిర్మించిన ‘ప్రతిజ్ఞ’ (1953)లో కథానాయకుడయ్యెను. పిదప పెక్కు ద్వంద్వయుద్ధములలో ఇతని కత్తికి ఎదురు నిలిచిన రాజనాలకు అదియే తొలి చిత్రమగుట వింతయే.

విఠలాచార్య తీసిన ‘జయ విజయ’ (1959), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) వంటి చిత్రములలో మాంత్రికుల గుహలను, మాయాద్వీపములను దాటి రాకుమారిని విడిపించి తెచ్చు ఆ రాకుమారుడు, నేలతరగతి ప్రేక్షకునకు ఇంటిలోని పెద్దన్న వలె ఆప్తుడు. కత్తి దూయునపుడును ముఖమున సౌమ్యత చెదరకుండుట ఇతని విశిష్టత. కావుననే కాబోలు ‘సీతారామ కల్యాణం’ (1961)లో నారదుడుగను, ‘లవకుశ’ (1963)లో లక్ష్మణుడుగను అంత సహజముగా ఒదిగెను.

‘సప్తస్వరాలు’ (1969) మొదలగు స్వీయనిర్మాణములు ధనమును హరించినవి. తరువాత చిన్న పాత్రలతో సరిపెట్టుకొనెను. ‘అనగనగా ఒక రాకుమారుడు’ ఇతని ఆత్మకథ. రఘుపతి వెంకయ్య పురస్కారగ్రహీత. 2009 మార్చి 22న హైదరాబాదులో మరణించెను.