ఆకు తొడుగులో దాగిన లెక్క

జాలహళ్ళి చుట్టుపక్కల కాలువ కింద వరి వేసిన మన వాళ్ళు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. మందు కొట్టి పది రోజులు కాలేదు, సుడిదోమ మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చింది?

మేము బడిలో చదివిన తమిళంలో దీని పేరు పుగైయాన్. పొగ పట్టినట్టు పైరు మాడిపోతుంది కాబట్టి. తెలుగులో సుడిదోమ. సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టి. రెండు పేర్లూ నష్టం కనబడ్డాక పెట్టినవే. గుడ్డు మాత్రం ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే ఆడదోమ ఆకు తొడుగును చీల్చి గుడ్లను లోపల దూరుస్తుంది. ఒక్క దోమ రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. వారం, పది రోజుల్లో అవి పిల్లలవుతాయి. పైన కొట్టిన మందు చాలావరకు ఆ గుడ్లను అంటదు.

మూట విప్పకుండా లెక్క రాయకూడదని రైల్వే గుమాస్తాలమైన మాకు తెలుసు. శాస్త్రజ్ఞులూ అదే చేశారు. 1962లో అమెరికాలో కార్ల్సన్, హిబ్స్ అనే ఇద్దరు బంగాళాదుంప ఆకుల్లో దాగిన దోమ గుడ్లను నేరుగా లెక్కపెట్టే పద్ధతి ప్రచురించారు. ఇలాంటి పద్ధతుల్లో ఆకును లాక్టోఫినాల్‌లో వేడి చేస్తే పచ్చదనం పోయి లోపలిది కనబడుతుంది. ఆసిడ్ ఫుక్సిన్ వేస్తే గుడ్లకు ఎర్రరంగు పడుతుంది. ఇక భూతద్దం కింద లెక్కే.

ఈ లెక్క లేకపోతే ఒక వంగడం దోమను నిజంగా ఆపుతోందో లేదో తేలదు. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 26 ఇచ్చింది. కొద్ది ఏళ్ళలోనే దోమ దాన్నీ లొంగదీసుకుంది. మన వైపు మార్టేరు కేంద్రం చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి దోమను తట్టుకునే రకాలు ఇచ్చింది.

తొడుగులో గుడ్డును వెతికి పీల్చేసే జీవి ఒకటి పొలంలోనే ఉంది. అది పచ్చ మిరిడ్ నల్లి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దాన్ని చంపేస్తాయి, లోపలి గుడ్లు మిగులుతాయి. దోమ తిరిగి విజృంభించేది అందుకే. ఇది చూసే ఇండోనేషియా 1986లో వరి మీద 57 మందులను నిషేధించింది.

డబ్బా కొనే ముందు దుబ్బు మొదలు విడదీసి చూడండి. తొడుగు మీద గోధుమ రంగు గీతలుంటే లోపల గుడ్లున్నట్టే. పక్కన మిరిడ్ నల్లులు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ తెలిస్తే అప్పు చేసి మందు కొనాలా వద్దా అన్నది తేలుతుంది.