పాముకాటు సూదిమందు: పుట్టుక నుంచి మన వార్డు దాకా

తొలకరి పడి చేలల్లో పని ఊపందుకుంటే చాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆసుపత్రులకు పాముకాటు కేసులు మొదలవుతాయి. గద్వాల వైపు విత్తన పత్తి చేలు, వనపర్తి వైపు పల్లి చేలు, అమ్రాబాద్ వైపు నల్లమల. నర్సింగ్ విద్యార్థులు ఫార్మకాలజీలో ఎన్నో మందుల పేర్లు బట్టీ పడతారు. పాము విషానికి విరుగుడుగా ఇచ్చే యాంటీ స్నేక్ వెనమ్ ఎలా పుట్టిందో తెలుసుకుంటే బట్టీ అక్కర్లేదు. ఆ వయల్ మీది ప్రతి సూచన వెనుకా ఒక కథ ఉంది.

కథలో తొలి భాగం తెలుగు నేల మీదే నడిచింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. స్థానికులు చెప్పిన పేర్లతో సహా 1796లో పెద్ద గ్రంథం వెలువరించాడు. మన రక్తపింజరను ఇంగ్లిష్ పుస్తకాలు ఆయన పేరుతోనే పిలుస్తాయి. కోళ్లకూ కుక్కలకూ కాటు వేయించి లక్షణాలు రాసుకున్నాడు. విరుగుడుగా అప్పట్లో పేరుమోసిన, పాషాణం కలిసిన తంజావూరు మాత్రలనూ పరీక్షించాడు. ఏ పాము ఏం చేస్తుందో తెలిసింది కానీ మందు దొరకలేదు.

అందుకు మరో వందేళ్లు పట్టింది. 1890లో శాస్త్రవేత్తలు బెరింగ్, కిటసాటో ధనుర్వాతం, కంఠసర్పి విషాలకు జంతువుల రక్తంలోనే విరుగుడు తయారవుతుందని చూపారు. ఆ దారిలో 1894లో పారిస్‌లో ఫిసాలిక్స్, బెర్ట్రాండ్, వారితోపాటే ఆల్బెర్ కాల్మెట్ పాము విషానికి సీరం చేశారు. కాల్మెట్ అంతకుముందు సైగాన్‌లో పనిచేస్తూ నాగుపాము కాట్లు దగ్గరగా చూసినవాడు. తన సీరం అన్ని పాములకూ పనిచేస్తుందని నమ్మాడు. ఆ నమ్మకం నిలవలేదు. బొంబాయి పరేల్ ప్రయోగశాలలో జార్జ్ లాంబ్ 1900 తర్వాత చేసిన పరీక్షల్లో, నాగుపాము సీరం రక్తపింజర విషాన్ని ఏమీ చేయలేదని తేలింది. ఏ విషానికి ఆ విరుగుడే. అందుకే ఈనాటి మన మందు నాలుగింటికీ కలిపి తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.

తయారీ ఇప్పటికీ గుర్రంతోనే. విషాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తారు. దాని రక్తంలో యాంటీబాడీలు తయారయ్యాక ప్లాస్మా తీసి, శుద్ధి చేసి, ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పని చేసే విన్స్ బయోప్రొడక్ట్స్ కర్మాగారం కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఉంది. ఒకప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్‌లో మన మూడు జిల్లాలూ విడివడింది ఆ జిల్లా నుంచే. పొడి ఉన్న వయల్‌లో డిస్టిల్డ్ వాటర్ పోశాక గట్టిగా కుదపవద్దు, నురగ వస్తుంది. చేతిలో మెల్లగా తిప్పితే చాలు, కరిగేదాకా ఓపిక పట్టాలి.

ఇక మోతాదు. వయల్ 10 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని అణచే శక్తి ఉంటుంది, అంటే వయల్‌కు 6. రక్తపింజర ఒక కాటులో సగటున వదిలే విషం 63 మిల్లీగ్రాములని లెక్క. ఆ లెక్కమీదే మొదట 8 నుంచి 10 వయల్స్ పెడతారు. పాము మనిషి బరువు చూసి కాటెయ్యదు. పిల్లలకూ పెద్దలకూ వయల్స్ సంఖ్య ఒక్కటే, సెలైన్ పరిమాణం మాత్రం పిల్లలకు తగ్గిస్తాం. పిల్లల మందులు చాలావరకు కిలోల లెక్కన నేర్చుకున్న విద్యార్థికి ఇది కొత్తగా తోస్తుంది. ఇచ్చేది నరంలోకే, గంటసేపు డ్రిప్‌గా. కాటు చుట్టూ గుచ్చకూడదు.

గుర్రం ప్రోటీన్ మన ఒంటికి పరాయిది కాబట్టి రియాక్షన్ భయం మొదటినుంచీ ఉంది. చర్మం మీద టెస్ట్ డోస్ వేసి చూసే అలవాటు చాలాకాలం నడిచింది. అది రియాక్షన్‌ను ముందుగా చెప్పలేదు సరికదా, ఉన్న సమయం కాస్తా తినేసింది, అందుకే ఇప్పుడు వద్దంటున్నారు. 2011లో శ్రీలంకలో వెయ్యిమందికి పైగా రోగులతో జరిగిన పరీక్షలో, ముందుగా చర్మం కింద ఇచ్చిన 0.25 మిల్లీగ్రాముల అడ్రినలిన్ తీవ్రమైన రియాక్షన్లను బాగా తగ్గించింది. హైడ్రోకార్టిసోన్, ప్రోమెథజైన్ తగ్గించలేదు. అక్కడ వాడిన యాంటీ స్నేక్ వెనమ్ మన దేశంలో తయారైనదే. రియాక్షన్ ఎప్పుడైనా రావచ్చు కాబట్టి డ్రిప్ పెట్టేముందే అడ్రినలిన్ సిరంజిలో లోడ్ చేసి పక్కన ఉంచాలి. దద్దుర్లు, వణుకు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తే డ్రిప్ ఆపి, తొడ కండరంలో అడ్రినలిన్ ఇస్తారు. మొదటి అరగంట నర్సు మంచం వదలకూడదనేది ఇందుకే.

పింజర కాటుకు మరో పరీక్ష మన చేతిలోనే ఉంది. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం పనిచేస్తున్నట్టే. సబ్బు నీళ్లతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు తప్పు ఫలితమిస్తాయి. ఆరు గంటలకోసారి మళ్లీ చూడాలి.

ఒక లోటు మాత్రం మిగిలే ఉంది. దేశంలో ఈ మందుకు వాడే విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో ఏర్పడ్డ ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచే వస్తోంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తమిళనాడు రక్తపింజర విషంతో చేసిన మందు నల్లమల రక్తపింజర విషాన్ని ఎంత అణచగలదో కొలవాల్సిందే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో 12 లక్షలమంది పాముకాటుతో చనిపోయారని ఒక అధ్యయనం అంచనా. 2024లో కేంద్రం తెచ్చిన కార్యాచరణ ప్రణాళిక 2030కల్లా ఈ మరణాలను సగానికి తగ్గిస్తామంటోంది. ఈ మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఏ ఊళ్లో ఏ పాము కరిచింది, ఎన్ని వయల్స్ పట్టాయి, రక్తం ఎన్ని గంటలకు గడ్డకట్టింది అని కేసు షీటులో సరిగ్గా రాసి పెడితే, మన పాముల మీద ఈ మందు పనితనానికి తొలి ఆధారం అక్కడే దొరుకుతుంది.